పండు, చెక్క, కాలం: ఓక్ పీపాలో పెరిగిన పాత షార్డొనేని రుచి చూసి అంచనా వేయడం

మూడేళ్ల కిందట షార్డొనే అనే ఒకే తెల్ల వైన్ రెండు సీసాలు కొన్నాను. ఒకే ఏడాది పంట, ఒకే పెట్టెలోంచి తీసినవి. ఒకదాన్ని ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పడుకోబెట్టాను. చోటు చాలక రెండోది అటకెక్కింది. మధ్యలో మన హైదరాబాద్ ఏప్రిల్, మే నెలలు గడిచిపోయాయి. దసరాకి నలుగురం కూర్చుని రెండూ పక్కపక్కన పోసుకున్నాం. అటక మీదిది ముదురు బంగారు రంగులో నిగనిగలాడుతోంది. "ఇదే పాతది, ఇదే బాగుంది" అన్నారు ఇద్దరు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉడికిన యాపిల్, అడుగంటిన పాకం వాసన. మింగిన మరుక్షణం నోట్లో ఏమీ మిగల్లేదు. ఫ్రిజ్‌లోది ఇంకా లేత బంగారమే. అందులో నిమ్మతొక్క వాసన బతికే ఉంది, దాని వెనకే వేయించిన జీడిపప్పు, తేనె మెల్లగా వస్తున్నాయి.

వయసు వేరు, వేడి దెబ్బ వేరు. మన ఊళ్లో పాత వైన్ రుచి చూసేవాళ్లు అన్నిటికంటే ముందు పట్టుకోవాల్సిన తేడా ఇదే. పీపా చెక్క ఇచ్చే రుచి మూడోది. ఈ మూడూ వైన్‌ని బంగారు రంగుకి తెస్తాయి, మూడూ తీపి వాసనలు పుట్టిస్తాయి. వాటిని విడదీసి, అడుగున పండు ఇంకా ఉందో లేదో చూడటమే ఈ పని మొత్తం.

ముందుగా, గ్లాసులో ఏముందో తెలుసుకోండి

షార్డొనే స్వతహాగా గట్టి వాసన లేని ద్రాక్ష. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో విరివిగా పండిన అనాబ్-ఎ-షాహీ గుర్తుందా? పొడుగాటి పెద్ద కాయ, కొరికితే నీళ్లు. అది తినడానికి పండించిన ద్రాక్ష. షార్డొనే కాయ చిన్నది, గుత్తి బిగుతుగా ఉంటుంది. పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని బర్గండీ. పినో న్వార్, గూయే బ్లాంక్ అనే రెండు ద్రాక్షల కలయికతో పుట్టిందని 1999లో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. బర్గండీ ఉత్తరాన ఉన్న చల్లటి షాబ్లీలో పండితే నిమ్మ, పచ్చి యాపిల్ రుచి వస్తుంది. ఎండ ఎక్కువున్న చోట పండితే అనాస, మామిడి, అరటిపండు దాకా వెళుతుంది. తనకంటూ పెద్ద గొంతు లేదు కాబట్టే వైన్ చేసేవాళ్లు దాని మీద తమ పనితనమంతా చూపిస్తారు.

ఆ పనితనంలో మొదటిది పీపా. బర్గండీ పీపాలో 228 లీటర్లు పడతాయి, అంటే సుమారు 300 సీసాలు. ఓక్ చెక్కని వంచి పీపా కట్టేటప్పుడు లోపలి వైపు నిప్పు సెగ చూపిస్తారు. ఆ కాలిన చెక్కలోంచే వెనిలా, లవంగం, కాస్త పొగ, కాల్చిన రొట్టె వాసనలు వైన్‌లోకి దిగుతాయి. అమెరికన్ ఓక్ అయితే కొబ్బరి వాసన ప్రస్ఫుటంగా ఉంటుంది. బర్బన్ అనే అమెరికన్ విస్కీ పీపాల్లో పెట్టిన సింగిల్ మాల్ట్ విస్కీ అలవాటున్నవాళ్లకి ఈ వాసన ఎప్పుడో పరిచయం. ఫ్రెంచ్ ఓక్ సన్నగా, మసాలా దినుసుల వైపు మొగ్గుతుంది. కొత్త పీపా గట్టిగా మాట్లాడుతుంది. మూడు నాలుగు పంటలకి వాడేసరికి చెక్క రుచి దాదాపు అయిపోయి, అది సన్నగా గాలి పీల్చే పాత్రగా మిగులుతుంది.

రెండో పనితనం మనకి బాగా తెలిసిందే: తోడు పెట్టడం లాంటిది. ద్రాక్షలో మాలిక్ ఆమ్లం ఉంటుంది, పచ్చి యాపిల్ కొరికితే పళ్లు జివ్వుమనిపించే పులుపు అది. బాక్టీరియా దాన్ని లాక్టిక్ ఆమ్లంగా, అంటే పెరుగులో ఉండే మెత్తటి పులుపుగా మారుస్తుంది. ఆ మార్పులో డయాసిటైల్ అనే పదార్థం పుడుతుంది. వెన్న వాసన దానిదే. ఓక్ షార్డొనేలో వెన్న వాసన రాగానే "చెక్క వాసన" అనేవాళ్లని చాలామందిని చూశాను. వెన్న చెక్కది కాదు, ఈ తోడుది. మూడోది ఈస్ట్ మడ్డి. పులిశాక అడుగున చేరే ఆ మడ్డిని తీసేయకుండా నెలల తరబడి ఉంచి, అప్పుడప్పుడూ కలుపుతారు. దానివల్ల వైన్‌కి చిక్కదనం, అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్ను వాసన వస్తాయి.

ఇవన్నీ అయ్యాక సీసాలో కాలం తన పని మొదలుపెడుతుంది. తాజా పండు వాసనలు తగ్గుతూ తేనె, వేయించిన పప్పులు, ఎండబెట్టిన ఆప్రికాట్, కొన్నిసార్లు పుట్టగొడుగు వాసనలు పైకి వస్తాయి.

సీసా పుట్టుపూర్వోత్తరాలు అడగండి

బర్గండీలో మెర్సో, పులిన్యీ-మోంరాషే లాంటి ఊళ్ల మంచి వైన్లు పదేళ్లు, కొన్ని అంతకు మించీ నిలుస్తాయి. మిగతా ఓక్ షార్డొనేల్లో ఎక్కువ భాగం మూడు నుంచి ఐదేళ్లలోపు తాగేయాల్సినవే. మహారాష్ట్రలో నాసిక్, అక్లూజ్ వైపు పండే షార్డొనేలో పీపాలో పెట్టినవీ ఉన్నాయి. వేడి ప్రాంతంలో కాయ పండుతూనే పులుపు దిగిపోతుంది, పులుపు తక్కువైతే వైన్ ఆయుష్షూ తక్కువే. అందుకే వాటిని నేను నాలుగేళ్లు దాటనివ్వను.

దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, "ఇది ఎక్కడ పెట్టారు?" అని. ఎండ తగిలే అద్దాల అరలో నిలబెట్టిన పదేళ్ల సీసాని ఎంత తగ్గింపు ఇచ్చినా కొనకండి. కార్క్ పైనున్న రేకుని వేలితో నొక్కి చూడండి. కార్క్ సీసా మూతి కంటే పైకి ఉబికినట్టు అనిపించినా, రేకు అంచున జిగట మరక ఉన్నా ఆ సీసాలో వైన్ వేడికి ఉబ్బిందని అర్థం. నిలబెట్టినప్పుడు వైన్ మట్టం మెడ కిందికి బాగా దిగిపోయి ఉన్నా వదిలేయండి. విదేశాల నుంచి వచ్చే బంధువులు శంషాబాద్‌లో దిగేటప్పుడు ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా సుంకం లేకుండా తేవచ్చు. నా దగ్గరున్న మంచి పాత సీసాలన్నీ అలా వచ్చినవే. వచ్చిన రోజే తెరవకుండా ఓ వారం చల్లటి చోట కదలకుండా ఉంచండి.

ఇంట్లో వైన్ ఫ్రిజ్ ఉంటే 12, 13 డిగ్రీల దగ్గర పెట్టండి. లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కింది అర కొన్ని నెలలకి చాలు. అటక మాత్రం వద్దు.

గది, గ్లాసు, చలి

పొద్దున పదకొండు గంటల వేళ, టిఫిన్ అరిగాక, భోజనానికి ముందు నోరు చురుగ్గా ఉంటుంది. ఆ గదిలో అగరొత్తులు వెలిగించకండి. పక్కన వంటింట్లో ఇంగువ పోపు పడితే ఆ అరగంట ఇక వైన్ వాసన చూడటం దండగ. మల్లెపూలు, అత్తరు, కాఫీ, పాన్, సోంపు, అన్నీ అంతే. ఏసీ 24 డిగ్రీల దగ్గర ఉంచుకోండి.

గ్లాసు పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉండాలి, కాడ ఉండాలి. డిటర్జెంట్ వాసన లేకుండా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఒక్కొక్కరికి 50 మిల్లీలీటర్లు చాలు. గ్లాసు కింద తెల్ల కాగితం ఒకటి పెట్టుకోండి. ఉమ్మేయడానికి ఒక గిన్నె తప్పకుండా ఉంచండి, ఇంటికి బండి నడపాల్సినవాళ్లకి అది తప్పనిసరి.

వైన్ 12 డిగ్రీల దగ్గర గ్లాసులోకి రావాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే 4, 5 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ చలిలో పులుపు, చెక్క తప్ప ఏదీ బయటికి రాదు. ఎండాకాలమైతే తీసిన పావుగంటకి, చలికాలమైతే అరగంటకి పోయండి.

సీసా పేరు మీద మీకు గౌరవం ఉంటే దానికి న్యూస్‌పేపర్ చుట్టేయండి. 1976 మే 24న పారిస్‌లో ఫ్రెంచ్ నిపుణులు సీసాలు చూడకుండా తెల్ల వైన్లకి మార్కులు వేస్తే, బర్గండీ పెద్ద పేర్లని దాటి కాలిఫోర్నియాలోని షాటో మోంటెలీనా వారి 1973 షార్డొనే మొదటి స్థానంలో నిలిచింది. చుట్టిన కాగితానికి అంత విలువుంది.

కార్క్ తీసేటప్పుడు

పాత కార్క్ పొడిపొడిగా విరుగుతుంది. స్క్రూని నిటారుగా, లోతుగా దింపి నెమ్మదిగా లాగండి. తీశాక కార్క్ అడుగున పంచదార పలుకుల్లా ఏవైనా మెరుస్తుంటే కంగారు పడకండి. అవి టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలు, చలికి గడ్డకట్టినవి. మన చింతపండుకి పులుపు తెచ్చే ఆమ్లం కూడా టార్టారిక్కే. ఆ పలుకులు హాని చేయవు.

కంటితో

గ్లాసుని తెల్ల కాగితం మీదికి వంచి చూడండి. మధ్యలో రంగు, అంచున రంగు, రెండూ గమనించండి. కుర్ర షార్డొనే ఎండుగడ్డి రంగులో ఉండి, అంచున పచ్చటి ఛాయ కొడుతుంది. పీపాలో పెట్టింది మొదటి నుంచే కాస్త పసుపెక్కి ఉంటుంది. వయసు వస్తే బంగారం. ఆ బంగారంలో మెరుపు ఉందా? అసలు ప్రశ్న ఇది. ఆరోగ్యంగా ముసలితనం వచ్చిన వైన్ దీపం వెలుగులో పుట్టతేనెలా మెరుస్తుంది. టీ డికాషన్ రంగు వైపు జారి, మెరుపు చచ్చి, గోధుమ ఛాయ వచ్చిందంటే గాలి చొరబడింది. అయినా కంటి మాట మీద తీర్పు చెప్పేయకండి. అటక సీసాని మెచ్చుకున్న మా ఇద్దరు మిత్రులు చేసింది అదే.

ముక్కుతో: ఎక్కువసేపు ఇక్కడే ఉండండి

మొదట గ్లాసుని కదపకుండా వాసన చూడండి. తర్వాత కాడ పట్టుకుని నాలుగైదు సార్లు తిప్పి మళ్లీ చూడండి. పెద్దగా పీల్చకండి, పూవు వాసన చూసినట్టు చిన్న చిన్నగా పీల్చండి. మూడు నాలుగు పీల్పులకి ముక్కు అలవాటు పడిపోతుంది. అప్పుడు మీ మోచేతి వంపు వాసన చూసి ముక్కుకి విశ్రాంతి ఇచ్చి, మళ్లీ రండి.

మొదటి వెతుకులాట పండు కోసం. వెనిలా, వెన్న వాటంతట అవే ఎదురొస్తాయి, పండు అలా రాదు. నిమ్మతొక్క, బత్తాయి, పియర్, అనాస, ఏదో ఒకటి పట్టుకునేదాకా ముందుకి కదలకండి. తాజా పండా, ఎండిన పండా, ఉడికించిన పండా అన్నది కూడా రాసుకోండి. తాజాది ఉంటే వైన్‌కి ఇంకా ఆయుష్షుంది. ఎండినదైతే పరువం మీద ఉన్నట్టు. ఉడికినదైతే నాకు అనుమానం మొదలవుతుంది.

తర్వాత చెక్క. వెనిలా, కొబ్బరి, లవంగం, పొగ, కాల్చిన రొట్టె. ఇవి పండుతో కలిసి వస్తున్నాయా, పక్కన విడిగా నిలబడ్డాయా? పీపాలోనే పులిసిన వైన్‌లో చెక్క బాగా కలిసిపోతుంది, ఎందుకంటే వెనిలా వాసనిచ్చే వెనిలిన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్ వాసన తక్కువున్న పదార్థంగా మార్చేస్తుంది. చవక వైన్లలో పీపాకి బదులు తొట్టిలో ఓక్ చెక్క ముక్కలు వేసి నానబెడతారు. అలాంటి చోట వెనిలా ఐస్‌క్రీమ్ వాసన మీద తేలుతూ ఉంటుంది, కింద ఏమీ ఉండదు.

ఆ తర్వాత కాలం. ఇక్కడ మీకు పుస్తకాల్లోని హేజెల్‌నట్, మార్జిపాన్ అక్కర్లేదు. ఒక 2014 మెర్సో గ్లాసులో పోసి బల్ల మీద పెట్టినప్పుడు మా వదిన అటుగా వచ్చింది. తను తాగదు. "వదినా, వాసనైనా చూడు" అంటే గ్లాసు తీసుకుని కళ్లు మూసుకుంది. "పాయసంల ఎయ్యడానికి నేతిల జీడిపప్పు ఏగుతుంటది చూడు, ఎర్రగైతున్నప్పుడు, గా వాసననే ఇది" అంది. అప్పటిదాకా నేను నా నోట్‌బుక్‌లో "పప్పులు" అని రాసి ఆగిపోయాను. వేగీ వేగని జీడిపప్పు కాదు, మాడింది కాదు, ఎర్రబడుతున్న క్షణంలోది. ఒక వైన్ వయసుని అంత కచ్చితంగా చెప్పిన మాట నేను మళ్లీ వినలేదు. మీ వాసనలకి పేర్లు మీ వంటింట్లోంచే తెచ్చుకోండి.

ముక్కుకి సాధన కావాలంటే ఒక ఆదివారం బేగంబజార్ వెళ్లి లవంగాలు, దాల్చినచెక్క, జాజికాయ కొద్దికొద్దిగా కొనుక్కోండి. ఇంట్లో చిన్న గిన్నెల్లో వాటితోపాటు నిమ్మతొక్క, తేనె, కొబ్బరి కోరు, ఒక ఉస్మానియా బిస్కెట్, వేయించిన బాదం పెట్టుకుని కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ గుర్తుపట్టండి. వెన్న వాసనకి ఉస్మానియా బిస్కెట్‌ని మించిన గురువు నాకు దొరకలేదు.

లోపాలు

తడిసిన అట్టపెట్టె, మూసిపెట్టిన పాత గది వాసన వస్తే అది కార్క్ దోషం. టీసీఏ అనే పదార్థం చేసే పని. గాలి తగిలినా పోదు, సరిగదా పెరుగుతుంది. కోసి వదిలేసిన యాపిల్ ముక్క వాసన, అక్రోటు వాసన మరీ ఎక్కువైతే గాలి దెబ్బ. 1990ల మధ్య నుంచి వచ్చిన బర్గండీ తెల్ల వైన్లలో చాలా సీసాలు ఇలా అకాలంగా ముసలివైపోయి, కొన్నవాళ్ల గుండె పగలగొట్టాయి. ఒకే పెట్టెలో ఒక సీసా బాగుండి, దాని పక్కది పోయి ఉండటం మామూలే. వెనిగర్, నెయిల్ పాలిష్ వాసన వస్తే బాక్టీరియా పని. అప్పుడే గీసిన అగ్గిపుల్ల వాసన మాత్రం తప్పు కాకపోవచ్చు. కొందరు కావాలనే దాన్ని సన్నగా ఉంచుతారు, నాకూ ఇష్టమే.

వేడి దెబ్బకి గుర్తు: ఉడికిన పండు, మాడిన పాకం ఉంటాయి గానీ పప్పుల వాసన ఉండదు. నిజమైన వయసులో పొరలు ఉంటాయి, ఒకదాని వెనక ఒకటి. వేడి అన్నిటినీ ఒకే ముద్ద చేసేస్తుంది.

నోటితో

ఒక చెంచాడు తీసుకుని, కొద్దిగా గాలి లోపలికి లాగుతూ నోరంతా తిప్పండి. పులుపు ముందు చూడండి: ఉమ్మేశాక నోట్లో ఎంత నీరూరితే అంత పులుపు ఉన్నట్టు. పాత వైన్‌ని నిలబెట్టే వెన్నెముక అదే. తర్వాత చిక్కదనం: నీళ్లలా ఉందా, పాలలా ఉందా, మీగడలా ఉందా? చెక్క వల్ల చిగుళ్ల దగ్గర సన్నటి వగరు తగలవచ్చు. లేత జామకాయ వగరంతైతే సరే, తమలపాకులో వక్క ఎక్కువైనట్టుంటే చెక్క మింగేసింది. గొంతులో మంట ఆల్కహాల్‌ది. తీపిలా అనిపించేది చాలాసార్లు తీపి కాదు, వెనిలా వాసన నాలుకని నమ్మించే మాయ. ముక్కు మూసుకుని ఒక గుక్క తీసుకుంటే తేలిపోతుంది.

ఇక ఉమ్మేశాక లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు... రుచి ఎన్ని సెకన్లు నిలిచింది? ఫ్రెంచ్ వాళ్లు ఒక్కో సెకనునీ ఒక "కోడలీ" అంటారు. పది దాటితే బాగున్నట్టే. చివరిదాకా నిలిచిన రుచి ఏదన్నది అంతకన్నా ముఖ్యం. పండు, పులుపు, పప్పులు నిలిస్తే మంచి వైన్. చెక్క చేదు ఒక్కటే నిలిస్తే ఎంత పొడుగున్నా లాభం లేదు.

గ్లాసుకి నలభై నిమిషాలు ఇవ్వండి

ఆ మెర్సో మొదటి పది నిమిషాలు ఏమీ చెప్పలేదు. కాస్త పొగ, కాస్త నిమ్మ. గ్లాసు కాస్త వెచ్చబడ్డాక వెన్న లేచింది. ఇరవయ్యో నిమిషానికి జీడిపప్పు. అరగంటకి తేనె, దాంతోపాటు వర్షం మొదటి చినుకు పడ్డ రాయి వాసన. 18 డిగ్రీలు దాటాక ఆల్కహాల్ ముక్కుకి గుచ్చుకోవడం మొదలైంది, నిమ్మ వెనక్కి తగ్గింది. అప్పుడు సీసాని పది నిమిషాలు ఐసు నీళ్లలో పెట్టి మళ్లీ పోసుకున్నాను. ప్రతి పది నిమిషాలకీ రెండు ముక్కలు రాసుకోండి. గాలి తగలడానికి వాడే గాజు కూజా, డికాంటర్‌లో ముందే పోసేస్తే ఈ ప్రయాణమంతా చూడకుండా పోతుంది, బాగా పాతదైతే గాలికి తట్టుకోలేక వాడిపోనూ వచ్చు.

తీర్పు

మార్కుల కంటే నాలుగు ప్రశ్నలు నాకు పనికొస్తాయి. పులుపు, చెక్క, ఆల్కహాల్, పండు ఒకదాన్నొకటి తొక్కకుండా ఉన్నాయా? రుచి ఎంతసేపు నిలిచింది? వాసన ఎంత గాఢంగా ఉంది? పండు, చెక్క, కాలం మూడు పొరలూ విడివిడిగా కనబడుతున్నాయా? నాలుగింటికీ సంతృప్తిగా జవాబొస్తే అది గొప్ప వైన్. చివరగా ఆయుష్షు సంగతి: తాజా పండు, గట్టి పులుపు ఉంటే మిగతా సీసాలు దాచండి. పప్పులు, తేనె నిండుగా ఉండి పండు సన్నబడితే ఈ ఏడాదే తాగేయండి. పండు లేకుండా వెనిలా మాత్రమే మిగిలితే ఎదురుచూడటం అనవసరం, ఎందుకంటే చెక్క కాలంతో పండుగా మారదు.

రుచి చూడటం అయ్యాకే తిండి. బిర్యానీ, మిర్చీ కా సాలన్ ఈ వైన్‌కి శత్రువులు. కారం ఆల్కహాల్ మంటని రెట్టింపు చేసి, పండుని తుడిచేస్తుంది. మలై కబాబ్, కారం తగ్గించి వెన్నలో వేయించిన రొయ్యలు, మిరియాలు మాత్రమే వేసిన కొర్రమీను ముక్క చక్కగా సరిపోతాయి.

సీసాలో సగం మిగిలితే కార్క్ బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు అదే వేళకి మళ్లీ రుచి చూడండి. రాత్రికి రాత్రి చప్పబడిపోతే దానికి ఆయుష్షు అయిపోవచ్చిందని మిగతా సీసాల మీద చీటీ అంటించండి. ఒక గ్లాసు కడగకుండా రాత్రంతా బల్ల మీదే వదిలేయండి. పొద్దున లేచి ఆ ఖాళీ గ్లాసు వాసన చూస్తే పండు వాసనలు ఎప్పుడో ఎగిరిపోయి ఉంటాయి. అడుగున ఎండిన చుక్కలో మిగిలిన వాసన చాలావరకు పీపాదే. అది లవంగమా, కొబ్బరా, కాల్చిన రొట్టా అన్నది నిన్నటి మీ నోట్సు పక్కనే రాసుకోండి.